అర్థాలు పక్కన పెట్టండి, అక్షరాలు పట్టుకోండి

స్క్రాబుల్ బాగా ఆడాలని మనసు పడ్డవాళ్లు మన దగ్గర ముందు చేసే పని ఇంగ్లీషు బాగుచేసుకోవడం. లావుపాటి డిక్షనరీ కొంటారు. రోజుకు పది మాటలు అర్థంతో సహా నోట్‌బుక్కులో ఎక్కిస్తారు. ఇంగ్లీషు పేపరు సంపాదకీయం చదివి కష్టమైన మాటల కింద గీత గీస్తారు. ఉద్యోగానికి, ఇంటర్వ్యూకి ఈ కష్టం పనికొస్తుంది. స్క్రాబుల్ బోర్డు ముందు మాత్రం కాళ్లకు అడ్డం పడుతుంది.

ఇక్కడ చెప్పే సలహాలు మీ ఇంగ్లీషు మాస్టారికి నచ్చవు. అన్నీ తలకిందులుగానే కనిపిస్తాయి: అర్థం నేర్చుకోవద్దు, పెద్ద మాట వెతకొద్దు, స్పెల్లింగ్ ఒకటే అని పట్టుబట్టొద్దు, అవసరమైతే సున్నా తీసుకోండి, ధైర్యముంటే లేని మాట కూడా పెట్టండి. వీటిలో ప్రతి ఒక్కటీ నేను నమ్మి చెబుతున్నదే. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషంటే జంకి, ఈ ఆట మనకెక్కడ అబ్బుతుందని దూరంగా నిలబడ్డవాళ్ల కోసం ముఖ్యంగా రాస్తున్నాను. ఆ జంకుకు ఈ బోర్డు మీద చోటే లేదు.

మొదటిది, అన్నిటికంటే పెద్దది: అర్థాలు చూడకండి. న్యూజిలాండ్‌లో పుట్టి మలేసియాలో స్థిరపడ్డ నైజెల్ రిచర్డ్స్ ఇంగ్లీషు స్క్రాబుల్‌లో 2007, 2011, 2013, 2018, 2019లో ప్రపంచ చాంపియన్. 2015లో ఆయన బెల్జియం వెళ్లి ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ కూడా గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడడం రాదు. సుమారు తొమ్మిది వారాలు ఫ్రెంచి మాటల జాబితా ముందు కూర్చుని అక్షరాల వరసలను మెదడుకెక్కించుకున్నాడు, అంతే. 2024లో స్పెయిన్‌లోని గ్రనడాలో స్పానిష్ పోటీనీ అదే పద్ధతిలో గెలిచాడు. థాయ్‌లాండ్‌లో ఇంటి భాష ఇంగ్లీషు కాదు. అయినా అక్కడి పానుపోల్ సుజ్జయకోర్న్ 2003లో, పకోర్న్ నెమిత్ర్‌మన్సుక్ 2009లో ఇంగ్లీషు పోటీలోనే ప్రపంచ చాంపియన్లయ్యారు.

ఎందుకిలా జరుగుతుందో చూడండి. మన దేశంలోనూ, అమెరికా కెనడాలు తప్ప మిగతా ప్రపంచంలో చాలావరకూ పోటీలకు వాడే కాలిన్స్ జాబితాలో సుమారు 2 లక్షల 80 వేల మాటలున్నాయి. లండన్‌లో పుట్టి పెరిగినవాడికైనా వాటిలో చాలా భాగం ఎప్పుడూ వినని మాటలే. మాతృభాష వల్ల వచ్చే లాభం మొదటి కొన్ని మెట్లదాకానే. ఆ తర్వాత అందరూ కంఠతా పట్టాల్సిందే. అక్కడ అర్థం ఇబ్బంది పెడుతుంది కూడా. అర్థం తెలిస్తేనే మాట అనే అలవాటున్న మనిషి, సరిగ్గా పెట్టాల్సిన సమయానికి అర్థం తట్టకపోతే, అసలు ఆ మాట ఉందా అని అనుమానపడతాడు. అనుమానపడ్డవాడు పెట్టడు. అక్షరాల వరసగా మాత్రమే నేర్చుకున్నవాడికి ఈ బెడద లేదు. అమెరికాలో స్పెల్లింగ్ బీ ఆడే పిల్లలు మాట పుట్టుక అడుగుతారు, అర్థం అడుగుతారు, వాటితో స్పెల్లింగ్ ఊహిస్తారు. ఆ ఆటకు అది సరైన దారి. స్క్రాబుల్ దారి దానికి పూర్తిగా ఎదురు.

మరి ఎలా నేర్చుకోవాలి? మాటను మాటలా చదవకండి. దాని అక్షరాలను ఎ నుంచి జెడ్ వరకు వరసలో పేర్చి, ఆ చిందరవందర గుంపును గుర్తుపెట్టుకోండి. చేతిలోకి వచ్చిన ఏడు బిళ్లలనూ అదే వరసలో పేర్చుకుంటే ఆ గుంపు దానంతటదే కనిపిస్తుంది.

ఒక్క గుంపును ఉదాహరణగా చూడండి: ఎ, ఇ, ఐ, ఎన్, ఎస్, టి. ఈ ఆరక్షరాలను పోటీ ఆటగాళ్లు ప్రాణంలా చూసుకుంటారు. వీటికి ఏడో అక్షరం ఏది కలిసినా దాదాపు ప్రతిసారీ ఏడక్షరాల మాట పడుతుంది, ఏడు బిళ్లలూ ఒకేసారి దింపినందుకు 50 పాయింట్లు అదనంగా వస్తాయి. ఆర్ కలిస్తే రిటైన్స్, రెటినాస్, నాస్టియర్, స్టెయినర్, రెట్సినా. డి కలిస్తే ఇన్‌స్టెడ్, స్టెయిన్డ్, డిటెయిన్స్. జి కలిస్తే సీటింగ్, టీజింగ్. ఎల్ అయితే సేలియెంట్, ఎంటెయిల్స్. ఎమ్ అయితే ఇన్‌మేట్స్, కె అయితే ఇన్‌టేక్స్, వి అయితే నేటివ్స్, యు అయితే ఆంటీస్, జెడ్ అయితే జేనియెస్ట్. హెచ్ వచ్చిందని విసుక్కోకండి, షైటాన్ ఉంది, మన శైతానే. ఇక్కడ రెట్సినా అంటే ఏమిటో తెలియకపోతే నష్టం లేదు. ఆర్ చేరగానే ఇన్ని మాటలున్నాయని తెలియకపోవడమే నష్టం. బోర్డు మీద ఒక్కోసారి ఒకటే ఇముడుతుంది, మిగతావి ఇమడవు. అందుకే ఒక గుంపులోని మాటలన్నీ ఒక కట్టగా నేర్చుకోవాలి.

ఇంత చెప్పాక, పెద్ద మాటల వెంట పడొద్దని అంటే ఆశ్చర్యపోతారేమో. కానీ నేర్చుకోవడం మొదలుపెట్టాల్సింది రెండక్షరాల మాటలతోనే. కాలిన్స్ 2019 జాబితాలో అవి 127. అవి రానివాడితో నేను పెద్ద మాటల ఊసే ఎత్తను. స్క్రాబుల్‌లో పాయింట్లు దొరికేది మాటలను ఒకదానికొకటి అడ్డంగా దాటించడంలో కాదు, పక్కపక్కన ఆనించి పెట్టడంలో. అలా ఆనించినప్పుడు నిలువుగా ఏర్పడే ప్రతి రెండక్షరాల జంటా సరైన మాట కావాలి, ప్రతి జంటకూ పాయింట్లు వస్తాయి. ఎక్స్ విలువ 8. దాన్ని మూడింతలు చేసే గడిలో పెట్టి, అడ్డంగా ఎక్స్-ఐ, నిలువుగా ఎక్స్-యు వచ్చేలా చూస్తే, అటు 25, ఇటు 25, మొత్తం 50. మహా అయితే రెండు బిళ్లలు ఖర్చు. అదే గడిలో క్యూ పెట్టి రెండు వైపులా క్యూ-ఐ వచ్చిందంటే 62. పెద్ద చదువు చదివినవాళ్లు ఎనిమిదక్షరాల అందమైన మాట పెట్టి 14 తీసుకుని సంతోషపడుతుంటారు. ఆ అందానికి బోర్డు మీద విలువ లేదు.

రెండక్షరాల మాటల్లో ఏవి ఉన్నాయో ఎంత ముఖ్యమో, ఏవి లేవో అంత ముఖ్యం. వి అక్షరంతో రెండక్షరాల మాట ఒక్కటి కూడా లేదు. సి తో సి-హెచ్ ఒక్కటే. కాబట్టి మీరు ముందున్నప్పుడు వి ఉన్న మాటను తెచ్చి దారిలో పెడితే, ఆ వి పక్కన ఆనించి ఆడడం దాదాపు ఎవరి తరమూ కాదు. ముందున్నవాడు మంచి మాట కంటే మూసేసే మాట పెట్టాలి.

ఇలాంటి ఆటతోనే 2015లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో నైజీరియాకు చెందిన వెల్లింగ్టన్ జిగెరే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆఫ్రికా నుంచి ఆ పట్టం అందుకున్న మొదటివాడు. నైజీరియా ఆటగాళ్ల బలమే పొట్టి మాట. పొడుగు మాట చేతిలో ఉన్నా, నాలుగైదు అక్షరాలతో ఆడి, మంచి బిళ్లలు చేతిలో మిగుల్చుకుని, ఎదుటివాడికి దారి దొరక్కుండా చేయడం వాళ్ల పద్ధతి. బయటివాళ్లకు అది పిరికి ఆటలా అనిపించింది. పట్టం మాత్రం ఆ ఆటకే దక్కింది.

ఇప్పుడు ఎస్ సంగతి. 1930ల్లో ఉద్యోగం పోయిన న్యూయార్క్ ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ ఈ ఆట రూపొందించినప్పుడు, పత్రికల్లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టి 100 బిళ్లలు పంచాడు. ఇ కి 12, ఎ కి 9, ఐ కి 9. ఎస్‌కు మాత్రం కావాలనే 4 ఇచ్చాడు. ఎక్కువ ఇస్తే ప్రతి మాటకూ బహువచనం తగిలించి ఆటను చప్పగా చేస్తారని ఆయన భయం. కొత్తవాళ్లు ఆ నాలుగిటిలో ఒకటి చేతికి రాగానే ఏదో మాట చివర తగిలించేస్తారు. అలా చేయకండి. ఎస్ వల్ల అదనంగా కనీసం 8 పాయింట్లు రాకపోతే దాన్ని చేతిలోనే ఉంచుకోండి. ఇంకో మాట, ఎస్ చివరే తగలాలని లేదు. లాఫ్టర్ ముందు తగిలిస్తే స్లాటర్. నవ్వు నరుకుడైందని బాధపడేవాడికి తొమ్మిదక్షరాల మాట పాయింట్లు పోతాయి. ఎస్ కాకపోయినా ముందు తగిలే అక్షరాలు ఎన్నో ఉన్నాయి: ఎర్త్‌కు ముందు డి, హెచ్, రెయిన్‌కు ముందు బి, డి, జి, టి. ఇలాంటివి ఒక కాగితం మీద రాసుకుని గోడకు అంటించండి.

బ్లాంక్ పేకాటలో జోకర్ లాంటిది. సున్నా పాయింట్ల ఖాళీ బిళ్లే అయినా, ఆటగాళ్ల లెక్కలో దాని విలువ 25 నుంచి 30. రెండే ఉంటాయి. 50 అదనం తెచ్చే మాటకు తప్ప దాన్ని వాడడానికి మనసొప్పకూడదు.

క్యూ గురించి మన వాళ్లకు బడిలో చెప్పే మొదటి పాఠం, దాని వెనకాల యు ఉండి తీరాలని. ఆ పాఠం మరిచిపోండి. యు బిళ్లలు 4 మాత్రమే. వాటి కోసం క్యూ పట్టుకుని కూర్చుంటే చేతిలో ఆరు బిళ్లలతో ఆడుతున్నట్టే. యు లేని క్యూ మాటలు నేర్చుకోవడం మనకు, ముఖ్యంగా హైదరాబాద్ గాలి పీల్చినవాళ్లకు, ఏమంత కష్టం కాదు. ఫకీర్, తలాక్, నికాబ్, ఖిబ్లా, వక్ఫ్, కోర్మా, కవ్వాలీ: ఇవన్నీ క్యూ తో, పక్కన యు లేకుండా, కాలిన్స్‌లో ఉన్నాయి. బుర్ఖాలో యు ఉంది కానీ క్యూ వెనక లేదు. డబ్ల్యు-ఎ-క్యూ-ఎఫ్ నాలుగే అక్షరాలు, గడుల సాయం లేకుండానే 19 పాయింట్లు. కవ్వాలీ ఏడక్షరాలు, రెండు డబ్ల్యులు కలిసిరావాలి. కలిసొస్తే అక్షరాలకు 22, పైన 50. ఇంగ్లండ్‌లో పుట్టినవాడు ఈ మాటలను జాబితా చూసి బట్టీ పట్టాలి. చార్మినార్ చుట్టుపక్కల తిరిగినవాడికి ఇవి చెవిన పడే మాటలే, అక్షరాలు అమర్చుకుంటే చాలు.

అదే ఊపులో ఇంకో సలహా. ఒక మాటకు ఒకే స్పెల్లింగ్ సరైనదని పట్టుబట్టకండి. బడిలో ఆ పట్టుదలకు మార్కులు పడతాయి. ఇక్కడ ఎన్ని స్పెల్లింగులు తెలిస్తే అన్ని దారులు. ఫకీర్‌ను కె తో రాయవచ్చు, క్యూ తో రాయవచ్చు, క్యూ-యు తో రాయవచ్చు, రెండు ఇ లు పెట్టి కూడా రాయవచ్చు. పప్పుకు డి-ఎ-ఎల్, డి-ఎ-హెచ్-ఎల్, డి-హెచ్-ఎ-ఎల్ మూడూ చెల్లుతాయి. పూరీని యు తో రాసినా, రెండు ఓ లతో రాసినా సరే. కోర్మా కె తోనూ ఉంది, క్యూ తోనూ ఉంది. ఏ బిళ్ల చేతిలో ఉంటే ఆ కోర్మా వండుకోవడమే.

మన వంటింటి మాటలు అచ్చుల బాధకు కూడా మందు. చేతిలో రెండు ఐ లు చేరి ఏం చేయాలో తోచనప్పుడు ఇడ్లీ ఉంది. ఎ, ఐ, ఓ మూడూ వచ్చి కూర్చుంటే దోసె చివర ఐ తగిలించిన డి-ఓ-ఎస్-ఎ-ఐ చెల్లుతుంది. రెండు యు లు వదిలించుకోవడానికి గురు. వీధి మాటలూ తక్కువ కాదు: ఘెరావ్, ధర్నా, బంద్, లాఠీ, హర్తాళ్, లక్ష, క్రోర్ అన్నీ ఉన్నాయి, హెచ్ లాంటి మొండి అక్షరం దించుకోవడానికి బాగా పనికొస్తాయి. అచ్చులే నిండిపోతే ఎ-ఎ-ఎల్-ఐ-ఐ అనే మాట ఉంది, ఇ-యు-ఓ-యు-ఎ-ఇ అని ఆరూ అచ్చులే ఉన్న మాట కూడా ఉంది. వాటి అర్థం వెతకొద్దని ముందే చెప్పాను. అచ్చులు అసలే రాకపోతే సి-డబ్ల్యు-ఎమ్, సి-ఆర్-డబ్ల్యు-టి-హెచ్, పి-ఎస్-టి, ఎన్-టి-హెచ్, టి-ఎస్-కె గుర్తుంచుకోండి. నోరు తిరగని మాటలైనా బోర్డు మీద తిరుగుతాయి.

అమెరికాలో, కెనడాలో ఆడే మనవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి జాబితా వేరు, చిన్నది. సి-హెచ్, జెడ్-ఓ లాంటివి అక్కడ చెల్లవు. ఇండియా వచ్చినప్పుడు బావమరుదులతో ఆడే ముందే ఏ జాబితా అన్నది తేల్చుకోవాలి. ఆట మధ్యలో తేల్చుకుంటే తగువే.

సున్నా తీసుకోవడానికి భయపడకండి. సంచిలో కనీసం 7 బిళ్లలు ఉన్నంతవరకు మీ వంతు వదులుకుని చేతిలో ఉన్నవి కొన్నో, అన్నీనో మార్చుకోవచ్చు. ఐ, ఐ, యు, యు, వి, డబ్ల్యు, వి లాంటి చేతితో 6 పాయింట్ల మాట పెట్టి మురిసిపోవడం కంటే, ఆ వంతు సున్నా రాయించుకుని బాగుపడడం లాభం. ఆరు పాయింట్ల మాట తర్వాత మీ చేతిలో మిగిలేది అదే చెత్త, తర్వాతి వంతులో మళ్లీ 6, ఆపై వంతులో మళ్లీ 6.

లేని మాట పెట్టడం గురించి. ఇది మోసమని చాలామంది అనుకుంటారు. కాదు, ఆట నియమాల్లో ఉన్న హక్కు. ఎదుటివాడు సవాలు చేయకపోతే ఆ మాట నిలుస్తుంది. ఉత్తర అమెరికా నియమాల్లో తప్పుడు సవాలు చేసినవాడు తన వంతు పోగొట్టుకుంటాడు, కాబట్టి అక్కడ ధైర్యం ఇంకా ఎక్కువ పలుకుతుంది. తెలుగువాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాడి ముందు రానివాడు పెట్టిన మాటను వెంటనే సవాలు చేస్తారు, వచ్చినవాడు పెట్టిన పిచ్చి మాటను ఎవరూ అడగరు. ఈ మర్యాద తప్పు. సూటు వేసుకున్నవాడు పెట్టాడని ఏ మాటనూ వదలకండి. మీరు పెట్టే మాట మాత్రం ఇంగ్లీషు పోలిక ఉన్నదై ఉండాలి, చివర ఇ-ఆర్ గానీ, ముందు ఆర్-ఇ గానీ తగిలించినదైతే నమ్ముతారు.

రోజూ ఫోనులో, ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే వర్డిల్ ఆడేవాళ్లకు కూడా ఇలాంటి తలకిందుల సలహా ఒకటుంది. చివరి నాలుగక్షరాలు ఐ-జి-హెచ్-టి అని ఆకుపచ్చగా తేలాక, అందరూ సంబరపడి లైట్, మైట్, నైట్ అంటూ ఒక్కొక్కటే ప్రయత్నిస్తారు. ఫైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్ ఇంకా ఉన్నాయి. ఆరు అవకాశాలు ఆవిరైపోతాయి. అక్కడ ఆగి, జవాబు కాదని పక్కాగా తెలిసిన మాట పెట్టండి. ఫిల్మ్స్ పెడితే ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఒకే దెబ్బకు తేలిపోతాయి. తేలిన అక్షరాలను వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో ఇది కుదరదు. అందుకే ఆ మోడ్ పెట్టుకోవద్దని నా సలహా.

తిరిగి స్క్రాబుల్‌కు వస్తే, ఆట చివర్లో ఇంగ్లీషు పూర్తిగా పక్కకు పోయి లెక్క ఒక్కటే మిగులుతుంది. ప్రతి అక్షరానికీ ఎన్ని బిళ్లలుంటాయో ఒక కాగితం మీద ముందే రాసుకుని, బోర్డు మీదకు వచ్చినదాన్నల్లా కొట్టేస్తూ పోండి. పోటీల్లో దీనికి అనుమతి ఉంది. సంచి ఖాళీ అయ్యేసరికి కొట్టేయకుండా మిగిలినవాటిలోంచి మీ చేతిలోవి తీసేస్తే, ఎదుటివాడి చేతిలో ఏమున్నాయో మీకు అక్షరాలా తెలిసిపోతుంది. అందులో క్యూ ఉంటే మీ పాయింట్ల సంగతి కాసేపు మరిచిపోయి, బోర్డు మీద ఐ కి ముందు ఖాళీగా ఉన్న గడులన్నీ మూసేయండి. దారి లేక వాళ్లు పాస్ అంటూ ఉంటే, మీరు ఒక్కో బిళ్లే దింపుతూ ప్రతి వంతుకూ రెండో మూడో ఏరుకోవచ్చు. ఆఖరి బిళ్ల మీరు పెట్టాక, వాళ్ల చేతిలో మిగిలిన క్యూ విలువ 10 వాళ్ల మొత్తంలోంచి తీసేసి మీ మొత్తంలో కలుపుతారు. అక్కడికది 20 తేడా.